ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతుంటే

మీ కథల పుస్తకంలో ‘రాష్ట్రం’ కాస్తా ‘రాష్‌ట్‌రం’ అయిందంటే తప్పు ఫాంటుది కాదు, కంపోజర్‌ది, అంటే పేజీలు కూర్చే ఈ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను వరుసల్లో పేర్చే భాగానిది. ఇన్‌డిజైన్ మామూలు కంపోజర్‌కు తెలుగు వత్తులు కలపడం రాదు.

1. ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ మార్పు కొత్త మ్యాటర్‌కే వర్తిస్తుంది, ఇప్పటికే పోసింది పాత కంపోజర్‌లోనే ఉంటుంది. పారాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్‌లో కంపోజర్ మార్చండి. ప్రతి స్టైల్‌కీ మార్చాలి. గుంటూరులో మా సంకలనానికి ఫుట్‌నోట్ల స్టైల్ మరిచిపోయి ఒక ఫారం (ఒకే కాగితంపై అచ్చయ్యే పేజీల కట్ట) మళ్లీ వేయించాం, చాలా బాధేసింది.

3. పీడీఎఫ్‌లో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ ఉన్న చోట్లు కళ్లతో చూసుకోండి.

విజయవాడలో మీ డీటీపీ ఆయన పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే చేస్తానంటే, యూనికోడ్ (ఫోన్లో, నెట్‌లో వాడే తెలుగు) అందులో రాదు కాబట్టి, మ్యాటర్‌ను ముందు ‘అను’ అనే డీటీపీ ఫాంటులోకి కన్వర్ట్ చేయించండి.