ఆళంది నుంచి పండరీపురం దాకా సైకిల్ మీద వెళ్తానన్న మా మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఫోన్‌లో అన్నావు చూడు, "250 కిలోమీటర్లేగా మామయ్యా, అంతా మైదానమే, రెండు రోజుల్లో కొట్టేస్తా" అని, అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. నువ్వు తొక్కలేవని కాదురా. నీ వయసులో నేనూ రెండు రోజుల్లోనే తొక్కా. రెండో రోజు చీకటి పడ్డాక చేరి, హడావుడిగా ముఖ దర్శనం, అంటే దూరం నుంచే దణ్ణం పెట్టుకోవడం, చేసుకుని, పొద్దున్నే రైలెక్కి ఇంటికొచ్చేశా. ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఆ ట్రిప్‌లో నాకు గుర్తొచ్చేది ముందు చక్రం, రోడ్డు మీద తెల్ల గీత, అంతే. ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళా, ప్రతిసారీ నాలుగు రోజులు పెట్టుకుని, ఆ మూడూ పూసగుచ్చినట్టు చెప్పగలను. నువ్వు కూడా నాలుగు రోజులు పెట్టుకో, లీవ్ లేదంటే లీవ్ దొరికినప్పుడే వెళ్ళు. ఆ దారిలో ఆళంది సంతు జ్ఞానేశ్వర్ మహరాజ్ పాదుకలు పల్లకీలో పెట్టుకుని జనం మూడు వారాలు నడుస్తారు, దాన్నే వారీ అంటారు, మనం చక్రాల మీద నాలుగు రోజులు ఇవ్వలేమా.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తా. ఆషాఢ ఏకాదశి ముందు, వారీ నడిచే రోజుల్లో మాత్రం సైకిల్ తీసుకుని వెళ్ళకు. లక్షల మంది నడుస్తుంటారు, రోడ్లు మూసేస్తారు, బండ్లన్నీ వేరే దారుల్లోకి మళ్ళిస్తారు, ఆ జనంలో నువ్వు బెల్ కొట్టుకుంటూ పోవడం అస్సలు బాగోదు. వారీ చూడాలనుంటే సైకిల్ ఇంట్లో పెట్టి నడవడానికే వెళ్ళు. సైకిల్‌కి కార్తీక ఏకాదశి అయిన పది రోజుల తర్వాత మంచిది, పండరీపురంలో రద్దీ తగ్గుతుంది, ఎండ కూడా మెత్తబడుతుంది. కాకపోతే ఒకటి, వానాకాలంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది, చలికాలంలో గాలి తూర్పు నుంచి వస్తుంది, నువ్వు పోయేదేమో ఆగ్నేయానికి, అంటే మొహం మీదకే. పొద్దున గాలి ఉండదు, తొమ్మిదిన్నర పది నుంచి మొదలవుతుంది. అందుకే అయిదింటికి లేచి, వెలుగు రాగానే ఎక్కి, పదకొండు లోపు ఆ రోజు పనిలో ముప్పావు వంతు అయిపోయేలా చూసుకో.

మైదానం అని తేలిగ్గా తీసుకోవద్దనేది కూడా ఇందుకే. ఘాట్ ఎక్కేటప్పుడు కష్టం అయినా పైకి వెళ్ళాక దిగుడు వస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. దారి మధ్యలో ఫల్టణ్ అనే ఊరు దాటాక అలా ఉండదు, ఎంత తొక్కినా అదే చెరకు, అదే జొన్న, దూరంగా అదే గుడి శిఖరం, అరగంటైనా దగ్గరికి రాదు, కాళ్ళు ఒక్క క్షణం ఆపితే బండి ఆగిపోతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాత మర్రిచెట్లు చాలా పోయాయి, నీడ కోసం వెతుక్కోవాలి. నాకు ఆ చెట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకో, ఊరు కనిపించినప్పుడల్లా నింపుకో, ఇంకో ఊరుందిలే అనుకోకు. చెరకు రసం బళ్ళని అక్కడ రసవంతి అంటారు, మిషన్‌కి గజ్జెలు కట్టి ఉంటాయి, ఆ గజ్జెల చప్పుడు వినిపిస్తే ఆగు, ఉప్పు నిమ్మకాయ వేయించుకుని తాగు.

రూటు ఇదిగో. సైకిల్‌ని స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి పుణె దాకా రైల్లో వేసుకో, పెడల్స్ విప్పి బ్యాగులో పెట్టుకో, లేబుల్ రెండు చోట్ల కట్టు. ఆళందిలో ఇంద్రాయణి ఒడ్డున సమాధి మందిరం చూడకుండా బయల్దేరకు, 1296లో 21 ఏళ్ళకే సమాధిలో కూర్చున్న పిల్లాడు రా ఆయన, ఆ దారి మొత్తం ఆయనదే. పుణె ఊరు మాత్రం వీలైనంత పొద్దున్నే దాటెయ్, ఏడు లోపు హడప్సర్ అవతల ఉండాలి. దివే ఘాట్ ఒక్కటే అసలైన ఎక్కుడు, చిన్న గేర్‌లో నెమ్మదిగా ఎక్కు, మధ్యలో ఆగి కిందికి చూస్తే మస్తానీ చెరువు కనిపిస్తుంది. ఆ రాత్రికి సాస్వడ్‌లో పడుకో.

రెండో రోజు జేజూరి. ఇక్కడ ఒక గంట ఎక్కువే పెట్టుకో, ఎందుకంటే మన కొమురవెల్లి మల్లన్న, జేజూరి ఖండోబా ఒక్కరే అంటారు, అదే పసుపు, అదే బండారి, మెట్లన్నీ పచ్చగా ఉంటాయి, మీ నాయనమ్మ బతికుంటే ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చేది. తర్వాత వాల్హే, నీరా నది, లోణంద్, ఫల్టణ్, ఆ రోజు 80 కిలోమీటర్ల దాకా అవుతుంది. నీరా నదిలో వారీ అప్పుడు పాదుకలకి స్నానం చేయిస్తారు, నువ్వు మొహం కడుక్కో చాలు. మూడో రోజు నాతేపుతే మీదుగా మాళ్శిరస్, నాలుగో రోజు వేళాపూర్‌లో యాదవుల కాలం నాటి అర్ధనారీ నటేశ్వరుడి గుడి చూసుకుని పండరీపురం.

సైకిల్ గురించి. నీ సన్న టైర్లు ఆ దారికి పనికిరావు, కనీసం 35 మిల్లీమీటర్లవి వేయించు. రోడ్డు పక్కన పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, ఒక్కసారి మట్టిలోకి దిగితే నాలుగు గుచ్చుకుంటాయి. పంక్చర్ వేశాక టైరు లోపల దూది ముక్క పెట్టి చుట్టూ తిప్పు, ముల్లు ఉంటే దూది పట్టుకుంటుంది, నేను ఇది చెయ్యకుండా ఒకే ముల్లుకి మూడు ట్యూబులు పోగొట్టా. నీది ప్రెస్టా వాల్వ్ కదా, పల్లెల్లో పంక్చర్ షాపుల వాళ్ళ పంపుకి అది పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ రెండు కొనుక్కో. వాన పడితే పొలం దారుల్లోకి అస్సలు దిగకు, అది నల్లరేగడి, పది అడుగులకే చక్రం తిరగదు, చెంచాతో గీక్కోవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా నాకు భయం చెరకు ట్రాక్టర్లంటేనే. నువ్వు వెళ్ళేది ఫ్యాక్టరీలు నడిచే సీజన్, ఒక ట్రాక్టర్‌కి రెండు ట్రాలీలు, వెనక లైటు ఉండదు, పాటలు గట్టిగా పెట్టుకుంటారు కాబట్టి నీ బెల్లు వినపడదు, ముందు ట్రాలీ దాటింది కదా అని లోపలికి వస్తే రెండోది ఊగుతూ వస్తుంది. ట్రాక్టర్ కనిపిస్తే దిగి నిలబడు, సిగ్గుపడాల్సిందేం లేదు. సాయంత్రం ఆరు దాటాక ఆ రోడ్డు మీద నువ్వు ఉండకూడదు, ఈ ఒక్క మాట నాకివ్వు.

మనుషులతో ఎలా ఉండాలంటే, అక్కడ అందరూ అందరినీ మావులీ అంటారు, అంటే అమ్మ. ముసలాయన్నైనా చిన్న పిల్లాడినైనా పోలీసునైనా అంతే. నువ్వూ మావులీ అని పిలువు, రామకృష్ణ హరి అను, మరాఠీ రాకపోయినా పని జరిగిపోతుంది. జొన్న రొట్టె, పిఠ్లా అనే శనగపిండి కూర, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి పెడితే వద్దనకు, డబ్బులు తీసుకోకపోతే గుడి హుండీలో వెయ్. సైక్లింగ్ నిక్కరుతో గుడిలోకి వెళ్ళకు, ఒక లుంగీ పెట్టుకో.

వాఖరి దగ్గర సైకిల్ దిగు. పల్లకీలన్నీ కలిసేది అక్కడే. అక్కడి నుంచి పండరీపురం ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది, నడిపించుకుంటూ వెళ్ళు. నేను మొదటిసారి చెయ్యని పని ఇదే. నాలుగు రోజులు తొక్కిన కాళ్ళకి నేల తగిలితే ఎలా ఉంటుందో నేను రాసి చెప్పలేను. చంద్రభాగలో నీళ్ళుంటే స్నానం చెయ్, అది మన భీమానే, కిందికొచ్చి కృష్ణలో కలుస్తుంది. గుడి ముందు దళిత సంతు చోఖామేళా సమాధి దగ్గర ఆగు, లోపలికి రానివ్వని మనిషి ఆయన, ఆ గుడి దళితులకి తెరుచుకోవడానికి 1947లో సానే గురూజీ నిరాహార దీక్ష చెయ్యాల్సి వచ్చింది. గుడి వాకిట్లో సంతు నామదేవుడి సమాధి ఉన్న మెట్టు మీద కాలు పెట్టకు, దణ్ణం పెట్టి పక్కనుంచి దాటు. క్యూ ఎంత పెద్దదైనా ముఖ దర్శనంతో సరిపెట్టుకోకు, పాదాల మీద తల ఆనించి రా.

తిరుగు ప్రయాణం సోలాపూర్ నుంచి పెట్టుకో, ఇంకో 70 కిలోమీటర్లు, ఓపిక లేకపోతే బస్సు. సోలాపూర్‌లో పద్మశాలీల పేటల్లో తెలుగులోనే మాట్లాడొచ్చు, మీ అమ్మకి ఒక చద్దర్ తీసుకురా, రంగు ఆవిడనే అడుగు. నీ టైరు సైజు చూసి నాకు మెసేజ్ పెట్టు, నా దగ్గర రెండు కొత్త ట్యూబులున్నాయి, సరిపోతే ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు, అత్తయ్య జొన్న రొట్టెలు చేస్తానంటోంది.

మీ మామయ్య