దారి అడగండి: మొరాకోలో మొదటి రెండు రోజులు

మూడు నెలల క్రితం ఈ శీర్షికలో ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో గురించి నాలుగు వాక్యాలు రాశాను. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా ఆ దేశం గురించే. ప్యాకేజీ టూరు వద్దు, సొంతంగా తిరగాలి అనుకునేవాళ్ళే వాటిలో ఎక్కువ. అందుకే ఈ నెల పేజీ మొత్తం మొరాకోకే ఇస్తున్నాను. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. 2019 ఫిబ్రవరిలో మా చెల్లెలితో, 2023 నవంబరులో ఒంటరిగా. కింద రాసినవి ఆ రెండు ప్రయాణాల్లో నేను కళ్ళారా చూసినవి, చెవులారా విన్నవి.

ప్రశ్న: డిసెంబరులో నేను, నా స్నేహితురాలు మొరాకో వెళ్తున్నాం. వెళ్ళివచ్చినవాళ్ళలో కొందరు అంత మంచి మనుషులు ఇంకెక్కడా ఉండరంటున్నారు. మరికొందరు అడుగడుగునా డబ్బు గుంజుతారు, జన్మలో మళ్ళీ వెళ్ళం అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరి మాటా నమ్మండి. ఇద్దరూ చూసిందే చెబుతున్నారు. తేడా అంతా మొదటి రెండు రోజులు ఎక్కడ గడిచాయన్న దాంట్లో ఉంది.

2019లో మేము నేరుగా మరాకేష్‌లో దిగాం. పాత ఊరి గోడ దాటి లోపలికి అడుగు పెట్టగానే ఒక కుర్రాడు ఎదురొచ్చి, "అటు దారి మూసేశారు, ఇటు రండి" అంటూ ముందు నడిచాడు. పది నిమిషాలు సందుల్లో తిప్పి మా బస గుమ్మం ముందు ఆపి, 200 దిర్హమ్‌లు అడిగాడు. దిర్హమ్ అంటే మొరాకో డబ్బు, అప్పట్లో ఏడున్నర రూపాయలకు అటూ ఇటూ. దారి మూసిందీ లేదు, ఏమీ లేదు. ఆ సాయంత్రం జమా ఎల్ ఫనా మైదానానికి వెళ్ళాం. నారింజ రసం బళ్ళు, కాల్చే మాంసం పొగ, కథలు చెప్పేవాళ్ళ చుట్టూ గుండ్రంగా నిలబడ్డ జనం. చూస్తూ ఉండగానే ఒకావిడ మా చెల్లెలి ఎడమ చెయ్యి పట్టుకుని, వద్దు అనేలోపే గోరింటాకు తీగ ఒకటి గీయడం మొదలుపెట్టింది. మా చెల్లెలు చెయ్యి లాక్కుంది. తీగ మణికట్టు దగ్గర సగంలో తెగిపోయింది. ఆ సగానికే డబ్బు కోసం పెద్ద గొడవ. రాత్రి మంచం మీద కూర్చుని తడిగుడ్డతో రుద్దుకుంటూ, "అక్కా, రేపే ఇక్కడి నుంచి వెళ్ళిపోదాం" అంది. నాకూ అలాగే ఉంది.

మరునాడు ఫెస్ నగరానికి రైలెక్కాం. ఆరున్నర గంటలకు పైగా ప్రయాణం. ఎదురు సీట్లో మా వయసున్న ఒకావిడ మా చెల్లెలి చెయ్యి చూసి, నాలుక చప్పరించి, ఎవరు పెట్టారని సైగ చేసింది. జమా ఎల్ ఫనా అన్నాం. ఆవిడ నుదురు కొట్టుకుని, సంచిలోంచి నారింజ పళ్ళు తీసి, ఒలిచి, తొనలు మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. మా కళ్ళ ముందే ఇంకో ఇద్దరికీ పంచింది. తర్వాత తన వేలితోనే, ఆ సగం తీగ ఎలా పూర్తి కావాలో మా చెల్లెలి మణికట్టు మీద గీసి చూపించింది. ఆ గుర్తు పదిరోజులు చెరగలేదు. మా చెల్లెలు ఇప్పుడు ఆ చెయ్యి గురించి మాట్లాడితే చెప్పేది ఆ రైల్లో ఆవిడ గురించే.

మొరాకోలో మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు వేరు, మనం వెళ్ళి పలకరించాల్సినవాళ్ళు వేరు. మొదటివాళ్ళు చాలా కొద్దిమంది. కానీ వాళ్ళు నిలబడేది యాత్రికులు దిగేచోటే కాబట్టి, దేశమంతా వాళ్ళే అనిపిస్తుంది. నా మాట విని మొదటి రెండు రాత్రులు రబాత్‌లో ఉండండి. రాజధాని నగరం, జనం ఎవరి పని మీద వాళ్ళు పోతుంటారు. కాసాబ్లాంకా విమానాశ్రయం లోపలి నుంచే రైలుంది. ముందు రబాత్, తర్వాత ఫెస్, ఆఖరున మరాకేష్. 2023లో ఈ వరుసలోనే వెళ్ళాను. అదే జమా ఎల్ ఫనా అప్పుడు ఎంత అందంగా కనిపించిందో! ఆ ఏడాది సెప్టెంబరు 8న వచ్చిన భూకంపంలో 2,900 మందికి పైగా పోయారు. మైదానం పక్కనే చిన్న మసీదు మినారు కూలింది. నేను వెళ్ళేసరికి రెండు నెలలే అయింది. అయినా కథకుడి చుట్టూ జనం మళ్ళీ గుండ్రంగా నిలబడి ఉన్నారు.

ప్రశ్న: మేము దంపతులం, ఇద్దరమూ శాకాహారులం. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. పది రోజులకు సరిపడా పచ్చళ్ళు మోసుకెళ్ళాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చిన్న సీసాలో కారప్పొడి తీసుకెళ్ళండి, చాలు. అక్కడి వంటలో జీలకర్ర, అల్లం, దాల్చినచెక్క అన్నీ ఉన్నాయి గానీ, మన కారం లేదు.

మీకు మొదట చెప్పాల్సింది జాలూక్ గురించి. కాల్చిన వంకాయ, టమాటా, వెల్లుల్లి, జీలకర్ర, ఆలివ్ నూనె. చింతపండూ పచ్చిమిర్చీ లేని మన కాల్చిన వంకాయ పచ్చడే అది. వేడి రొట్టెతో పెడతారు. ఉదయం పూట చిన్న దుకాణాల్లో బిస్సారా దొరుకుతుంది. ఎండబెట్టిన బాకలా (చిక్కుడు జాతి) గింజలను మెత్తగా ఉడికించి, చిక్కటి పప్పులా గిన్నెలో పోసి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి చల్లుతారు. చలి ఉదయం అది కడుపులో పడితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. ఇక స్ఫెంజ్. మీ ఆవిడకు దూరం నుంచి చూడగానే గారె అనిపిస్తుంది. నడుమ చిల్లు, నూనెలో బంగారు రంగు. మినప్పిండి కాదు, పులియబెట్టిన గోధుమ పిండి. మూడో నాలుగో కొంటే కాగితంలో చుట్టరు. సన్నటి ఈతాకు చీలిక లాంటిది చిల్లుల్లోంచి దూర్చి ముడివేసి చేతికిస్తారు. దాన్ని వేలికి తగిలించుకుని నడుస్తూ తినడమే.

జాగ్రత్త పడాల్సింది గోధుమ రవ్వను ఆవిరి మీద వండే కుస్‌కుస్ దగ్గర, హరీరా సూపు దగ్గర. పైకి అన్నీ కూరగాయలే కనిపిస్తాయి, ఉడికించింది మాత్రం మాంసం రసంలో కావచ్చు. ముక్కలు తీసేస్తే శాకాహారమే కదా అని వాళ్ళు మనస్ఫూర్తిగా అనుకుంటారు, మోసం కాదు. "బ్లా ల్హమ్" అంటే మాంసం లేకుండా అని. ఆ మాటతో పాటు రసం గురించి కూడా విడిగా అడగండి. పుదీనా టీ ఇస్తే కాదనకండి. చక్కెర ఎక్కువైతే తక్కువ వేయమనవచ్చు. గ్లాసు తోసేస్తే మాత్రం మనసు నొచ్చుకుంటారు.

ప్రశ్న: అరబ్బీ రాదు, ఫ్రెంచి రాదు. ఇంగ్లీషుతో గడుస్తుందా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: బసలో, పెద్ద హోటల్లో గడుస్తుంది. సందులో గడవదు. అక్కడ మాట్లాడేది దారిజా, అంటే మొరాకో వాడుక అరబ్బీ. నాలుగు మాటలు నేర్చుకోండి. "సలాం అలైకుం" పలకరింపు. "బ్‌ష్‌హాల్" అంటే ఎంత. "సాఫీ" అంటే చాలు, అయిపోయింది. "లా, శుక్రన్" అంటే వద్దు, ధన్యవాదాలు. ఈ చివరిది చిరునవ్వుతో ఒక్కసారే అని నడక ఆపకుండా ముందుకు సాగాలి.

మీకు తెలియకుండా మీకు తెలిసిన మాటలు ఇంకా ఉన్నాయి. రబాత్‌లో నా సంచి పట్టీ తెగితే, చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ముక్కాలి పీట ముందుకు జరిపి "కుర్సీ, కుర్సీ" అన్నాడు. కూర్చున్నాను. పని చేస్తూ సంచి లోపలి జేబు కూడా చిరిగిందని చూపించి "జీబ్" అన్నాడు. కుర్చీ, జేబు! ఉర్దూ మీదుగా మన ఇంట్లోకి వచ్చి స్థిరపడ్డ మాటలు ఆ మూల, అట్లాంటిక్ ఒడ్డున వినబడితే నా ఒళ్ళు పులకరించింది. పక్క దుకాణంలో సబ్బు అడగాలంటే "సాబూన్" అన్నాను, ఇచ్చేశారు. ఈ శీర్షికలో ప్రతినెలా నేను రాసే "జవాబు" కూడా అరబ్బీ మాటే. మీది ఏ దేశం అని అడిగితే "అల్ హింద్" అనండి. షారుఖ్ ఖాన్ పేరు వెంటనే వినిపిస్తుంది. హిందీ సినిమాల మీద వాళ్ళ ప్రేమ తరాల నాటిది.

ప్రశ్న: ఎడారి, ఒంటెలు తప్ప అక్కడ చూడటానికేముంది? రైతును, అంత ఖర్చు పెట్టి వెళ్ళాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రైతు కాబట్టే మీరు వెళ్ళాలి అంటాను. ఫిబ్రవరిలో ఫెస్ చుట్టూ నేను చూసింది పచ్చటి గోధుమ చేలు, ఆలివ్ తోటలు. అట్లాస్ కొండల మీద మంచు. కాసాబ్లాంకా నుంచి మరాకేష్ వెళ్ళే రైలు బెన్‌గెరీర్ మీదుగా పోతుంది. ఆ ప్రాంతంలో ఫాస్ఫేటు గనులున్నాయి. ప్రపంచంలో ఫాస్ఫేటు నిల్వలు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మొరాకోలోనే. మన దేశం అక్కడి నుంచి ముడి ఫాస్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లం, ఎరువులు దిగుమతి చేసుకుంటుంది. మీరు దుక్కిలో వేసిన డీఏపీలో ఆ మట్టి ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లో చదువుతోంది. సెలవుల్లో వారం రోజులు ఒక్కతే మొరాకో వెళ్తానంటోంది. పంపమంటారా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: పంపండమ్మా. కానీ ఆమెతో అన్నీ నిజమే చెప్పి పంపండి. ఒంటరి ఆడపిల్ల వీధిలో నడుస్తుంటే మాటలు విసిరేవాళ్ళు ఉంటారు. వయసు మీరిన నన్నే వదల్లేదు, మీ అమ్మాయిని వదులుతారని చెప్పలేను. తిరిగి జవాబివ్వకుండా నడవడమే అక్కడి ఆడవాళ్ళు చేసేది. వీధి పక్క కాఫీ హోటళ్ళలో బయటి కుర్చీలు దాదాపు అన్నీ మగవాళ్ళవే. మిఠాయి దుకాణాల్లో ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుంటారు, అక్కడ నిశ్చింతగా టీ తాగవచ్చు.

కొత్త ఊరికి పగటిపూటే చేరాలి. చిన్న టాక్సీ ఎక్కగానే మీటరు వేయమనాలి. రాత్రిపూట మీటరు మీద సగం ఎక్కువ తీసుకోవడం నిబంధనే. దారిలో ఇంకొకరిని ఎక్కించుకుంటే కంగారు పడనక్కర్లేదు, ముగ్గురి దాకా ఎక్కించుకోవడం అక్కడి పద్ధతి. బసకు రియాద్ చూడమనండి. వీధివైపు కిటికీలు లేకుండా, నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉండే పాత ఇల్లు. మన మండువా లోగిలి చూసినవాళ్ళకు ఆ ఇంట్లో అడుగు పెట్టగానే భయం సగం పోతుంది. నగరాల్లో పోలీసులకు 19, పల్లెల్లో 177. ఈ రెండు అంకెలూ ఫోనులో పెట్టుకోమనండి. దారి అడగాల్సి వస్తే ఆడవాళ్ళనో, దుకాణంలో కూర్చున్నవాళ్ళనో అడగాలి. తనంతట తాను ముందుకొచ్చి చూపిస్తానన్నవాణ్ణి కాదు.

ప్రశ్న: ఫెస్ పాత ఊళ్ళో ఫోనులోని మ్యాపు కూడా దారి తప్పుతుందట. మీరు తప్పారా? తప్పితే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పాను. రెండు ప్రయాణాల్లోనూ. అక్కడ వేల సందులున్నాయి, మోటారు బండ్లు లేవు. గ్యాసు సిలిండర్లు, కూల్‌డ్రింకు పెట్టెలు కంచరగాడిదల మీద వస్తాయి. వెనక నుంచి "బాలాక్!" అని కేక వినబడితే గోడకు అతుక్కుపోవాలి, ఆలోచించడానికి సమయం ఉండదు. ఎత్తయిన గోడల మధ్య ఫోనుకు ఆకాశం సరిగా అందదు.

గుర్తుంచుకోవాల్సింది వాలు. ప్రధాన ద్వారం బాబ్ బూ జలూద్ పైన ఉంటుంది. అక్కడి నుంచి తలా కబీరా, తలా స్గీరా అనే రెండు వీధులు కిందికి, 859లో స్థాపించారని చెప్పే ఖరావియ్యీన్ మసీదు వైపు దిగుతాయి. కాబట్టి దారి తప్పితే ఎగువకు నడవండి. ఆ ద్వారానికి బయటివైపు నీలం పలకలు, లోపలివైపు ఆకుపచ్చ పలకలు. లోపలి నుంచి వచ్చేవాళ్ళు నీలం కోసం వెతికితే కనబడదు.

2023లో నాకు ఎగువ ఏదో కూడా తెలియని చోట చీకటి పడుతోంది. అప్పుడు ఎనిమిదేళ్ళ పాప ఒకతె తలమీద చెక్క పలక పెట్టుకుని వచ్చింది. పలక మీద గుడ్డ, గుడ్డ కింద గుండ్రటి పిండి ముద్దలు నాలుగు. ఇంట్లో కలిపిన పిండిని పేటలోని ఉమ్మడి పొయ్యికి, ఫర్రాన్‌కు, తీసుకెళ్తోంది. రొట్టెలు కాల్చేచోట పెద్దవాళ్ళు ఉంటారు కదా అని వెనకే నడిచాను. నాలుగు మెట్లు దిగితే నేలమట్టానికి కింద ఒక గది, మసి పట్టిన కప్పు, నోరు తెరిచిన పొయ్యి. రొట్టెలు కాల్చే అతను నిలువెత్తు కర్ర చివర ఉన్న పలకతో ఒక్కో రొట్టెను లోపలికి తోస్తున్నాడు. చుట్టూ అరల మీద ఇరవై ఇళ్ళ రొట్టెలు. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందని సైగ చేశాను. ఒక రొట్టె తీసి, పైన కత్తితో పెట్టిన మూడు గీతలు చూపించాడు. ఇంకోదాని మీద వేలి గుంటలు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు.

బాబ్ బూ జలూద్ అన్నాను. చేతులు దులుపుకుని నాతో మెట్లెక్కి వచ్చి, ఎడమ, కుడి, తర్వాత అంతా ఎగువకే అని అరచేతిని ఏటవాలుగా పెట్టి చూపించాడు. వెళ్ళబోతుంటే ఆగమని, లోపలికి వెళ్ళి ఒక రొట్టె సగం విరిచి తెచ్చాడు. డబ్బు తీస్తే చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. వేడికి పట్టుకోలేక కొంగులో చుట్టుకుని నడిచాను. ఆకుపచ్చ పలకలు కనబడేసరికి రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.