నీళ్లు తగ్గాక భయమేముంది అన్న మేనకోడలికి

అమ్మలూ,

మీ అమ్మ ఫోను చేసింది. పై రేవు నుంచి వంతెన దాకా మన నది దారిలో ఈసారి ఏడాది పొడవునా కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడుపుతారట కదా, నువ్వూ నీ స్నేహితులూ. నీళ్లు నిండుగా ఉన్నప్పుడూ వెళ్తారట, బాగా తగ్గిపోయినప్పుడూ వెళ్తారట. చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతు వణుకుతూనే ఉంది. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. నిలకడ నీటిలో నీకు రోల్, అంటే బోల్తా పడ్డ కయాక్‌ను అందులో ఉండగానే తెడ్డుతో తిప్పి లేపడం, నేర్పిన రోజులు కళ్ల ముందు మెదిలాయి. ముక్కు నిండా నీళ్లు పోయి, కళ్లు ఎర్రబడినా "ఇంకొక్కసారి మామయ్యా" అంటూ మళ్లీ బోల్తా పడేదానివి. నడుము తిప్పకుండా తల ముందు పైకెత్తేదానివి. "తల చివర్లో రావాలమ్మా" అని గట్టు మీద నుంచి గొంతు పోయేలా అరిచేవాణ్ణి. ఆ పిల్ల ఇవాళ తన జట్టును తానే నడిపిస్తానంటోంది.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. "నిండు నీళ్లలో జాగ్రత్తగానే ఉంటాం. నీళ్లు తగ్గాక భయమేముంది, తొడల లోతే కదా" అన్నావట. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అందుకే.

హెల్మెట్, లైఫ్ జాకెట్ పట్టీలు, ఈల, కత్తి, కయాక్‌లోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పే స్ప్రే స్కర్ట్ ముందున్న లాగుడు పట్టీ బయటికే ఉందో లేదో చూసుకోవడం, ఒంటరిగా వెళ్లకపోవడం, ఇవన్నీ నీకు తెలుసు. బట్టల సంగతి మాత్రం ఒకటి చెబుతాను. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఎండ కాస్తోందని పలచని చొక్కాతో దిగకు. ఆకాశాన్ని చూసి కాదు, నీటిలో చెయ్యి పెట్టి చూసి బట్టలు వేసుకో.

ఇక అసలు విషయం. ఆ దారి నీకు బాగా తెలుసని నువ్వు అనుకుంటున్నావు. నీకు తెలిసింది మధ్యస్థంగా నీళ్లున్నప్పటి దారి. ర్యాపిడ్లకు, అంటే నీరు రాళ్ల మీదుగా ఉరికే చోట్లకు, ఒకటి నుంచి ఆరు దాకా తరగతులిచ్చే అంతర్జాతీయ కొలమానంలో దానికి మూడో తరగతి అని రాసి ఉందంటే, అది ఆ మామూలు నీటికి ఇచ్చిన తరగతి. నీటిమట్టం మారిన రోజు ఆ అంకెను నమ్ముకోకూడదు. క్యూసెక్కుల లెక్క పేపర్లో రోజూ చూస్తాం, కానీ తెడ్డు పట్టినవాళ్లు దాన్ని బరువుగా ఊహించుకోవాలి. 35 క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు ఒక టన్ను నీరు నీ పక్క నుంచి వెళ్తోందన్నమాట. నీటి వేగం రెట్టింపైతే అది నీ మీద, నీ కయాక్ మీద వేసే తోపుడు నాలుగు రెట్లవుతుంది. వంతెన దగ్గరి కొలబద్ద మీద అడుగు పెరిగితే, గట్లు దగ్గరకొచ్చి ఇరుకయ్యే చోట ఎంత పెరిగిందో ఆ కొలబద్ద చెప్పదు. అక్కడ నీరు పక్కకు విస్తరించలేదు, పైకే లేస్తుంది.

ఎంత తెలిసిన చోటైనా మారిపోతుందనడానికి అమెరికాలో కొలరాడో నది మీది క్రిస్టల్ ర్యాపిడ్ సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్లీ చెబుతాను. 1966 డిసెంబరులో పక్క వాగు ఒకటి బండలను తెచ్చి గ్రాండ్ కాన్యన్‌లో నదిలోకి తోసేసింది. ఒక మోస్తరు ర్యాపిడ్ కాస్తా రాత్రికి రాత్రి భయంకరమైనదిగా మారింది. అయినా పడవల వాళ్లు దానికీ అలవాటుపడ్డారు, దారి కనిపెట్టుకున్నారు. 1983 వేసవిలో ఎగువ ఆనకట్ట నుంచి నీటి విడుదల 90 వేల క్యూసెక్కులు దాటింది. వాళ్లు కనిపెట్టుకున్న దారి ఉన్నచోటే నీరు గోడలా లేచింది, పెద్ద పెద్ద మోటారు తెప్పలు తలకిందులయ్యాయి, ఒక ప్రాణం పోయింది. ఆ తెప్పలు నడిపినవాళ్లకు నది కొత్త కాదు, ఆ రోజు నీళ్లే కొత్త.

నిండు నీళ్లంటే నీకు ఇప్పటికే భయం ఉంది కాబట్టి దాని గురించి తక్కువే చెబుతాను. నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది ముందు తేల్చుకో. కొలబద్ద మీద అంకె ఒకటే ఉన్నా ఆ రెండూ ఒకటి కావు. పెరిగే నీరు గట్ల మీది దుంగలనూ చెత్తనూ ఊడ్చుకొస్తుంది. రేవులోకి రాగానే నీటి అంచున ఒక రాయి పెట్టు. అందరూ సిద్ధమయ్యాక వచ్చి చూడు. రాయి మునిగిందా, కయాక్‌లు మళ్లీ బండి మీదికి ఎక్కాల్సిందే. ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత నిరాశపడినా ఆ మాట నువ్వే చెప్పాలి. నిండు నీళ్లలో బండల వెనుక ఎడ్డీలు, అంటే నీరు వెనక్కి తిరిగి నెమ్మదించే చోట్లు, కొట్టుకుపోతాయి, ఆగి వెనక్కి చూసుకునే చోటు ఉండదు. విడివిడిగా ఉన్న ర్యాపిడ్లు కలిసిపోతాయి. గట్టు మీది చెట్లు నీటి మధ్యలోకి వస్తాయి. కొమ్మల్లోంచి నీరు వెళ్లిపోతుంది, మనిషి వెళ్లలేడు. ఈదుతూ చెట్టు మీదికే కొట్టుకుపోతున్నావనుకో, వెల్లకిలా ఉండకు. బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, ఉన్న బలమంతా వేసి ఈది దాని మీదికి ఎగబాకు. కాళ్లు కిందికి పోనివ్వకు. ఒక్కసారిగా పెద్ద నీళ్లకు ఎగరకుండా ఒక్కో కొలతా పెంచుకుంటూ వెళ్తావని నాకు నమ్మకం ఉంది. నీకు ఆ ఓపిక చిన్నప్పటి నుంచీ ఉంది.

తగ్గిన నీళ్ల దగ్గరే నీకు ఆ ఓపిక ఉంటుందని నమ్మలేకపోతున్నాను.

నాకు కయాక్ నేర్పిన పెద్దాయనను నువ్వు చూడలేదు. మా అందరిలోకీ ఆయనే దిట్ట. ఆ దారిలో కళ్లు మూసుకుని వెళ్లగలడని అనేవాళ్లం, ఆయనా కాదనేవాడు కాదు. ఒక ఏడు ఎండల చివర్లో, నీళ్లు ఎప్పుడూ లేనంతగా తగ్గినప్పుడు వెళ్లాం. నీటిలో పడ్డవాళ్లకు విసిరే తాడు సంచిని ఆయన బండిలోనే వదిలేశాడు. "ఇవాళ నీళ్లెక్కడున్నాయిరా, తాడెందుకు?" అన్నాడు. మూడో మెట్టు, అంటే నీరు మెట్టులా కిందికి దూకే మూడో చోటు, దగ్గర ఎడమ పక్కన నునుపుగా, పచ్చగా జారే నీటి పట్టీ ఉంటుంది చూడు, నువ్వెప్పుడూ అక్కడి నుంచే దిగుతావు. ఆ రోజు అది లేదు. బండల సందుల్లోంచి నీరు చీలి పారుతోంది. ఆయన అలవాటుకొద్దీ అటే తిప్పాడు. కయాక్ ముక్కు రాయికి తగిలి అడ్డం తిరిగింది, బోల్తా పడింది. రోల్ చేయబోతే తెడ్డు తిరగడానికి లోతు లేదు, రాళ్లకు కొట్టుకుంది. స్కర్ట్ లాగి బయటపడ్డాడు.

నీళ్లు తొడల దాకానే. ఆయన లేచి నిలబడ్డాడు. కొట్టుకుపోతున్న కయాక్‌ను పట్టుకోవాలని ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. కుడి పాదం రెండు రాళ్ల మధ్యకు దిగి బిగుసుకుంది. ఒక్క క్షణం మా వైపు చూశాడు, ఏదో అనబోయాడు కూడా. అంతలో వెనుక నుంచి నీరు నడుమును తోసి ఆయనను ముందుకు మడిచేసింది. తొడల లోతు నీళ్లలో మనిషి పూర్తిగా మునిగిపోయాడు. చేతులు కింద ఆనించి లేస్తాడు, ముఖం ఒక్కసారి పైకొస్తుంది, మళ్లీ నీరు తొక్కేస్తుంది. ఎర్ర హెల్మెట్ పైకి రావడం, మునగడం, పైకి రావడం. ప్రతిసారీ ముందటి కంటే ఆలస్యంగా వచ్చేది.

మిగిలింది నా దగ్గరున్న ఒక్క తాడు. మాలో ఒకడు దాని కొస పట్టుకుని ఆయనకు కొంచెం దిగువన కయాక్ మీద అవతలి గట్టుకు దాటాడు. ఇద్దరం తాడును బిగించి, ఆయన ముందు నుంచి పైకి తెచ్చి, చంకల కింద ఆనేలా పట్టుకున్నాం. ఆ తాడు మీద ఒరిగాక ముఖం నీటి పైన నిలిచింది. ఊపిరి తీసుకున్న ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పుడు ఇద్దరం తాడుతో ఎగువకు నడిచాం. పాదం ఏ దారిన దిగిందో ఆ దారినే వెనక్కి రావాలి. దిగువకు లాగితే ఇంకా బిగుస్తుంది. పాదం వచ్చింది, బూటు రాళ్ల మధ్యే ఉండిపోయింది. చీలమండ విరిగింది, మనిషి దక్కాడు. అవతలి గట్టుకు దాటడానికి ఎవరూ లేకపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

అందుకే నీకు ఇది ఆజ్ఞ అనుకో. పారే నీరు మోకాలి పైన ఉంటే లేచి నిలబడకూడదు. వెల్లకిలా పడుకో, పాదాలు దిగువకు, కాలివేళ్లు నీటి పైకి కనిపించాలి. తర్వాత బోర్లా తిరిగి ఎడ్డీలోకి గట్టిగా ఈదు. చేతులు నేలకు ఆనేంత లోతు తగ్గాకే లేవాలి. తెడ్డు పోతే పోనీ, కయాక్ పోతే పోనీ. కొత్త కయాక్ అని వెంటపడితే మాత్రం నేను క్షమించను. బోల్తా పడగానే ముందుకు వంగి, ముఖం కయాక్ డెక్కుకు, అంటే పైభాగానికి, దగ్గరగా పెట్టుకో. తగ్గిన నీళ్లలో రాళ్లు తలకు అందేంత దగ్గరలో ఉంటాయి. నీరు బండల మధ్య నుంచి మాయమై అవతల బుడగలుగా తేలుతోందంటే అటు వెళ్లకు, అది మనిషిని పట్టుకునే జల్లెడ. కింద తొలిచిన బండల దగ్గర కూడా అంతే. మెత్తటి దిండులా నీరు బండ ముఖానికి కొట్టి వెనక్కి పొంగకపోతే, అది లోపలికి పోతోందని అర్థం.

తాళ్లు ఒక్కరి దగ్గర కాదు, కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరు ముందు, ఒకరు వెనుక. నేల మీద సరదాగా విసరడం కాదు, పారే నీటిలో ఈదుతున్న మనిషికి విసిరి అలవాటు చేసుకోండి. మీలో ఎవరైనా "ఇవాళ తాడెందుకు" అంటే, ఆ రోజు వాళ్లను రేవులోనే ఆపెయ్. కోప్పడతారు, కోప్పడనీ.

ఇంకొకటి నా కోరిక. నీళ్లు అడుగంటిన మొదటిసారి కయాక్‌లు లేకుండా వెళ్లండి. గట్టు వెంట నడవండి. ఏ బండ కింద ఎంత ఖాళీ ఉందో, ఏ రాతి వెనుక నిండు నీళ్లలో హోల్ (వెనక్కి తిరిగి కయాక్‌ను పట్టి ఉంచే నీరు) ఏర్పడుతుందో, ఏ సందు పాదాన్ని పట్టుకుంటుందో అన్నీ అప్పుడే బయటికి కనిపిస్తాయి. కొలబద్ద అంకె, తేదీ, మెట్టు మెట్టుకూ చూసింది ఒక పుస్తకంలో రాసుకో. వానలు మొదలయ్యాక ఆ రాతలు నీకు నాకంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఆ నడకకు నేనూ వస్తాను. మూడో మెట్టు దగ్గర ఆ రాళ్లు ఎక్కడున్నాయో చేత్తో చూపించాలి నీకు. తర్వాత మీరు కయాక్‌లతో వచ్చే రోజున కూడా ఆ పక్కన గట్టు మీద తాడుతో నిలబడతాను, అంత శక్తి నాకింకా ఉంది. తేదీ ఖాయం కాగానే ముందురోజు కొలతతో సహా నాకు చెప్పు. రెండు తాళ్లూ విప్పి, ఆరబెట్టి, మళ్లీ సంచుల్లో సర్ది ఉంచుతాను. మీ అమ్మకు నేనే నచ్చజెబుతాను.

ప్రేమతో,
నీ మామయ్య