పారేసిన సామాన్లతో, తుప్పు ఇనుముతో బొమ్మలు చేస్తే పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా?

కిలోల లెక్కన అడిగితే జరగదు. ఇనుము విషయంలో అసలే జరగదు. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని తోపుడు బండి మీద తిరిగే మనిషి కొలిమికి చేర్చే ఇనుము ముందు నా బొమ్మలన్నీ కలిపినా చాలవు. ఆయనకి ఎవరూ శాలువా కప్పరు. నాలాంటివాడు రెండు గేర్లు అతికించి "భూమిని కాపాడుతున్నా" అంటే మాత్రం పేపర్లో ఫొటో వేస్తారు.

మరి చేయడం దేనికంటే, వస్తువు పాడైపోవడాన్ని జనం కళ్లెదుట పెట్టడానికి. అందుకే నాదొక పట్టుదల ఉంది. తుప్పుని తుడిచేసి, దాని మీద రంగేసి చేసింది తుక్కు కళ కాదు, ఉట్టి అలంకారం.

నేను విజయవాడలో డ్రాయింగ్ మాస్టారిని. సెలవు దొరికితే ఆటోనగర్‌లో లారీలు విప్పే షెడ్ల చుట్టూ తిరుగుతుంటాను. ఓసారి ఒక కొట్టు వెనకాల, గోడవారగా పడున్న పాత క్రౌన్ వీల్, అంటే లారీ ఇరుసులో ఉండే పెద్ద పళ్ల చక్రం, కంటపడింది. ఎన్ని వానలు తిన్నదో గానీ, పళ్ల మధ్య గ్రీజు మిగిలినచోట నలుపు, అంచుల్లో నారింజ రంగు, మధ్యలో పొరలు పొరలుగా లేచిన ఎరుపు. ఆ రంగులు నా డబ్బాల్లో దేంట్లోనూ లేవు. అడ్వాన్స్ ఇచ్చి ఆదివారం వస్తానని చెప్పాను.

ఆదివారం వెళ్లేసరికి కొట్టాయన మొహం వెలిగిపోతోంది. చక్రం అంతకంటే ఎక్కువ వెలిగిపోతోంది! గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించి మొత్తం గీకించి, డీజిల్‌తో కడిగించి, గుడ్డతో తుడిపించి పెట్టాడు.

"మీరు మొహమాటానికి అడగలేదు గానీ, బొమ్మలకి వాడుకునేది కదా మాస్టారూ! కుర్రాడి చేత శుభ్రంగా చేయించాను. దీనికి డబ్బులేం వద్దులెండి" అన్నాడు.

కుర్రాడి మోచేతుల దాకా ఎర్ర దుమ్ము. అంత అభిమానంగా చేసిన పనికి ఏమని గొడవపడతాం? టీ తెప్పించాడు, తాగాను. నా వాలకం చూసి ఆయనే అడిగాడు, ఏమైందని. "నాకు కావాల్సింది ఆ తుప్పేనండీ" అన్నాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, పగలబడి నవ్వి, కుర్రాణ్ణి కేకేశాడు: "ఒరేయ్, ఊడ్చిన పొడి ఎక్కడ పోశావురా?" ఇద్దరూ కలిసి మూలనున్న పొడి ఎత్తి పేపర్లో పొట్లం కట్టి, "ఇదిగోండి మీ సరుకు" అని చేతిలో పెట్టారు.

ఆ పొట్లం పారేయలేదు. తుప్పు పట్టిన మేకులు కొన్ని కలిపి బెల్లం నీళ్లలో నానేశాను. ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు నల్లరంగు చేసుకునేది తుప్పు ఇనుము, బెల్లంతోనే. కుండలో రోజుల తరబడి పులిశాక ఆ నీళ్లని, కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పెడితే నల్లగా తిరుగుతుంది. ఆ నలుపుతోనే ఆ చక్రం బొమ్మ వేశాను. అసలు చక్రాన్ని వాన పడేచోట మేడ మీద పెట్టాను, మళ్లీ తుప్పు పట్టాలి కదా. మా ఇంట్లోవాళ్లు దాని గురించి ఏమంటారో ఇక్కడ రాయను.

విదేశాల నుంచి ఎవరో వచ్చి "రస్ట్ ప్రింటింగ్" అని, గుడ్డ మీద తుప్పు మరకలతో బొమ్మలు దించే వర్క్‌షాప్ పెడితే వేలు కట్టి వెళ్లేవాళ్లకి పెడన బస్ టికెట్ ఎందుకు గుర్తురాదో నాకు అర్థం కాదు.

ఢిల్లీలో 2019లో తెరిచిన పార్కులో సుమారు 150 టన్నుల తుక్కుతో ప్రపంచ వింతల నమూనాలు కట్టారు. పనితనానికి దండం పెట్టాలి. తెనాలి శిల్పులు నట్లు, బోల్టులతో చేసే విగ్రహాలూ అంతే, ఆ వెల్డింగ్ నాకు ఏడు జన్మలెత్తినా రాదు. కానీ తాజ్‌మహల్ నమూనా ముందు సెల్ఫీ దిగి వెళ్లేవాడికి ఆ తుక్కు ఎక్కడిదన్న ధ్యాస ఉంటుందా? చండీగఢ్ రాక్ గార్డెన్ సంగతి వేరు. కొత్త నగరం కోసం ఊళ్లు పడగొడితే, రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసే నేక్‌చంద్ 1957 నుంచి ఆ శిథిలాలు, పగిలిన పింగాణీ, గాజు ముక్కలు ఏరుకొచ్చి సర్కారు అడవి భూమిలో గుట్టుగా కట్టుకుంటూ పోయాడు. 1976లో గానీ జనానికి తెరవలేదు. అక్కడ ప్రతి బొమ్మలోనూ పగిలిన ముక్క పగిలినట్టే కనబడుతుంది.

ఇక బీచ్‌లో ఏరిన ప్లాస్టిక్‌ని రెజిన్‌లో పోతపోసి "ఎకో ఆర్ట్" అనేవాళ్లున్నారు. రెజిన్ కూడా ప్లాస్టిక్కే నాయనా! స్కూళ్లలో పెట్టే "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" పోటీలు ఇంకా అన్యాయం. ముందురోజు రాత్రి అమ్మానాన్నలు టెన్షన్‌తో షాపుకి పరుగెత్తి కొత్త పేపర్ కప్పులు, కొత్త ఐస్‌క్రీం పుల్లలు కొనుక్కొస్తారు. జడ్జిగా కూర్చుని చూశాను. ఫస్ట్ ప్రైజ్ వచ్చినదాంట్లో వాడేసిన వస్తువు ఒక్కటీ లేదు, మార్కులు వేసినవాళ్లలో నేనొక్కణ్ణే అడ్డం తిరిగాను.

మొదలుపెట్టాలనుకుంటే మీ వీధి చివరి పాత సామాన్ల కొట్టుకి వెళ్లండి. ఆయనతో స్నేహం చేయండి, కానీ ఏదీ కడగొద్దని ముందే చెప్పండి. మందపాటి గ్లౌజులు వేసుకోండి. పాత బ్యాటరీల జోలికి మాత్రం వెళ్లకండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. తుప్పు నీళ్లు ఎక్కువైతే నూలుగుడ్డ కొన్నేళ్లకి పెళుసై చిరుగుతుంది, కొనేవాళ్లకి ఆ మాట ముందే చెప్పి అమ్మండి. నేను చెప్పే అమ్ముతాను. సగం మంది వెనక్కి పోతారు, పోనీండి.