1940ల చవక డిటెక్టివ్ సినిమాలు: కాపీ ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ మొదలెట్టాలి

ప్రశ్న: 1940ల నాటి చిన్న బడ్జెట్ ప్రైవేట్ డిటెక్టివ్ సినిమాలు రెండు ఆన్‌లైన్‌లో చూశాను. ఒకదాంట్లో బొమ్మంతా మసక. రెండోదాంట్లో హంతకుడు దొరికాడు గానీ ఎలా దొరికాడో అర్థం కాలేదు. ఏవి చూడాలి?

అర్థం కాకపోవడం మీ తప్పు అయ్యుండదు. ఆ కాపీలో కొంత సినిమా లేకపోయి ఉండొచ్చు. ఇవి అసలే గంట, గంటా పది నిమిషాల సినిమాలు. తర్వాత టీవీకి అమ్మినప్పుడు గంట స్లాటులో ప్రకటనలు కూడా పట్టాలని చాలావాటిని 53, 54 నిమిషాలకు కత్తిరించారు. ఛేజింగు, తుపాకి కాల్పులు ఎవరూ తీసెయ్యరు కదా. మొదటి సగంలో ఇద్దరు నిలబడి మాట్లాడుకునే సీన్లు ఎగిరిపోతాయి, క్లూ దాచేది సరిగ్గా అక్కడే. చివర్లో డిటెక్టివ్ గుట్టు విప్పుతూ మీరు ఎప్పుడూ వినని పేరు చెప్పాడంటే కత్తిరించిన ప్రింటని అనుమానించండి.

అందుకే ముందు నిడివి చూడాలి. ఉదాహరణకు ‘టైమ్ టు కిల్’ (1942) 61 నిమిషాలు. ఫైలు 58 నిమిషాల 34 సెకన్లు ఉందంటే కంగారు పడొద్దు, ఏమీ పోలేదు. ఆ ఫైలు యూరప్ టీవీ పద్ధతి (పాల్) వీడియో నుంచి వచ్చి ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో 25. నాలుగు శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతులు కాస్త కీచుగా వినిపిస్తాయి. ప్లేయర్‌లో వేగం 0.96కి తగ్గిస్తే చాలు. 54కి పడిపోతే మాత్రం వేరే కాపీ వెతకండి.

ఇక బొమ్మ. అప్పటి ఫ్రేము దాదాపు 4:3, అంటే పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. తెర నిండా సాగదీస్తే హీరో బొద్దుగా తయారవుతాడు. పైనా కిందా కోసి నింపిన కాపీల్లో టోపీలు తెగిపోతాయి. మనుషులు కదిలినప్పుడు అంచులు దువ్వెన పళ్ళలా విడిపోతుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యండి. మసక అలా పోయేది కాదు. 16 ఎం.ఎం. టీవీ ప్రింటుకు కాపీ, ఆ కాపీకి మళ్ళీ కాపీ తీసినప్పుడు నీడల్లోని వివరం అంతా తారు ముద్ద అవుతుంది. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదవుతుందే తప్ప ముఖం కనబడదు.

ఇన్ని చెడ్డ కాపీలు ఎందుకంటే, అప్పటి అమెరికా చట్టంలో కాపీరైట్ మొదటి గడువు 28 ఏళ్ళు. ఆ చివరి ఏడాదిలో రెన్యువల్ చేయించకపోతే సినిమా అందరి సొత్తు. చిన్న కంపెనీల సినిమాలు చాలావరకు ఇలాగే వీధిన పడ్డాయి. బేసిల్ రాత్‌బోన్ షెర్లాక్ హోమ్స్‌గా యూనివర్సల్ తీసిన 12లో నాలుగింటి గతి కూడా ఇదే: ‘సీక్రెట్ వెపన్’, ‘ద వుమన్ ఇన్ గ్రీన్’, ‘టెరర్ బై నైట్’, ‘డ్రెస్డ్ టు కిల్’. ఈ నాలుగింటికీ రంగులు పులిమిన కాపీలూ తిరుగుతున్నాయి, అటు వెళ్ళకండి. మొత్తం 12నూ యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయం) సినిమా ఆర్కైవ్ పునరుద్ధరించింది. ఆ ప్రింట్ల నుంచి వచ్చిన డిస్కులు దొరికితే అవే చూడండి.

మొదలుపెట్టడానికి మైకేల్ షేన్ మంచివాడు. ఒకే డిటెక్టివ్‌ను రెండు కంపెనీలు రెండు స్థాయిల చవకలో తీశాయి, పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ పని చేస్తుందో తెలుస్తుంది. ఫాక్స్‌లో లాయిడ్ నోలన్‌తో ఏడు వచ్చాయి, 1942తో ముగిశాయి. అవి బీ సినిమాలే (పెద్ద సినిమాకు జతగా వేసే చవక సినిమాలే) అయినా పెద్ద స్టూడియో సెట్లు, కెమెరామెన్లు అందుబాటులో ఉన్నారు. 1946, 47లలో పీఆర్‌సీ అనే చిన్న కంపెనీ హ్యూ బోమాంట్‌తో ఐదు తీసింది. వాటిలో నాలుగింటికి దర్శకుడు శామ్ న్యూఫీల్డ్, నిర్మాత అతని అన్న సిగ్మండ్ న్యూఫెల్డ్. గదిలో ఇద్దరు, ఒక ఫోను, వెనక ఖాళీ గోడ. ఊరు చూపించాలంటే స్టాక్ షాట్, అంటే ఎప్పుడో ఎక్కడో తీసి ఉంచిన ముక్క. దాని గ్రెయిన్ పక్క షాట్‌తో కలవదు, ఇట్టే పట్టుకోవచ్చు.

దర్శకుడికి చేతకాక అని కొట్టిపారెయ్యకండి. డబుల్ బిల్లులో (ఒకే టికెట్‌కు రెండు సినిమాలు) పెద్ద సినిమాకు థియేటరు వసూళ్ళలో శాతం ఇచ్చేవాళ్ళు, రెండో సినిమాకు ఫ్లాట్ అద్దె. బాగా తీసినా, ఎలాగో తీసినా వచ్చేది అంతే. రాబడి ముందే ఖాయం కాబట్టి మిగిలేదంతా ఖర్చు తగ్గించడంలోనే ఉంది.

ఫాక్స్ షేన్‌లలో తప్పక చూడాల్సింది ఆ ‘టైమ్ టు కిల్’. రేమండ్ చాండ్లర్ ‘ద హై విండో’ నవల కొని, అందులోని డిటెక్టివ్ మార్లోను తీసేసి షేన్‌ను పెట్టారు. అదే 1942లో ఆర్‌కేవో స్టూడియో చాండ్లర్ మార్లో నవల ‘ఫేర్‌వెల్, మై లవ్‌లీ’ని ఫాల్కన్ అనే మరో డిటెక్టివ్‌తో ‘ద ఫాల్కన్ టేక్స్ ఓవర్’గా మార్చింది. హక్కులు చేతిలోనే ఉన్నాయి కనుక 1944లో ఈసారి మార్లోతోనే ‘మర్డర్, మై స్వీట్’ తీసింది, 95 నిమిషాలు. ఒకే కథ, రెండు వారాంతాల్లో రెండూ చూడండి. ఫాల్కన్‌లో కథ చకచకా నడుస్తుంది, హాస్యం కూడా ఉంటుంది. పోయిందల్లా మార్లో గొంతు, ఆ చేదు. యుగంధర్ నవలలు ఒక్క ఊపులో ముగించినవాళ్ళకు ఫాల్కనే ముందు నచ్చొచ్చు.

పీఆర్‌సీ మీద మనసు విరిగితే, ‘బిహైండ్ లాక్డ్ డోర్స్’ (1948, 62 నిమిషాలు) చూడండి. దాక్కున్న జడ్జి కోసం డిటెక్టివ్ పిచ్చివాడిలా నటించి ప్రైవేట్ శానటోరియంలో చేరతాడు. కథంతా ఒకే భవనంలో నడవాలి గనుక సెట్లు లేకపోవడం లోటుగా అనిపించదు.

మోనోగ్రామ్ కంపెనీ తీసిన చార్లీ చాన్ డిటెక్టివ్ సినిమాలను చివరకు పెట్టుకోండి. చైనీయుడి పాత్రను తెల్లవాళ్ళే వేశారు, సిడ్నీ టోలర్, అతని తర్వాత రోలాండ్ వింటర్స్. చూడ్డానికి ఇబ్బందిగానే ఉంటుంది.

వెతికేటప్పుడు టైటిల్‌తో పాటు సంవత్సరం, హీరో పేరు కూడా కొట్టండి. ‘డ్రెస్డ్ టు కిల్’ అని మాత్రమే కొడితే 1941 షేన్, 1946 హోమ్స్, 1980 థ్రిల్లరు మూడూ వస్తాయి. పైగా ఆ హోమ్స్ సినిమాకే బ్రిటన్‌లో పేరు ‘షెర్లాక్ హోమ్స్ అండ్ ద సీక్రెట్ కోడ్’.