ఫెర్మెంటేషన్‌తో పరిశ్రమలు నిజంగా పర్యావరణహితం అవుతాయా?

మీరు అడిగినవి రెండు విషయాలు. కొత్త తరం ఫెర్మెంటేషన్ పద్ధతులు, అంటే సూక్ష్మజీవులను ట్యాంకుల్లో పెంచి వాటి చేత మనకు కావలసిన పదార్థాలు చేయించే పద్ధతులు, పెట్రోలియం మీద, జంతువుల మీద ఆధారపడటాన్ని నిజంగా తగ్గిస్తాయా, లేక అదంతా ప్రచారమేనా? కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్న మీరు ఈ రంగంలోకి రావచ్చా? ల్యాబ్ ఫ్లాస్కులో పనిచేసిన ప్రక్రియను పెద్ద ట్యాంకుల్లో నిలబెట్టడం చాలాకాలంగా నా పని. అందుకే ప్లాంటులో చూసినదాన్ని బట్టి చెప్తాను.

మొదటిదానికి నా జవాబు అవుననే. ఇప్పటికే తగ్గించి చూపించాయి కూడా. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పందులు, పశువుల క్లోమగ్రంథుల నుంచి తీసేవారు. 1978లో జెనెన్‌టెక్ అనే అమెరికా బయోటెక్ సంస్థ శాస్త్రవేత్తలు ఈ.కోలై బాక్టీరియా చేత మానవ ఇన్సులిన్ తయారు చేయించారు, 1982కల్లా అది మందుగా అమెరికాలో అనుమతి పొందింది. చీజ్ కోసం పాలను విరగ్గొట్టే కైమోసిన్ అనే ఎంజైమ్‌దీ ఇదే దారి. లేగదూడల పొట్ట నుంచి తీసే ఆ ఎంజైమ్‌ను సూక్ష్మజీవుల చేత చేయించవచ్చని తేలాక, 1990లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు కొత్తగా ప్రెసిషన్ ఫెర్మెంటేషన్ అంటున్నది మూలంలో ఈ పనే. కావలసిన జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, మనకు కావలసిన పదార్థాన్ని దాని చేత తయారు చేయించడం.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మాత్రం గ్యాస్ ఫెర్మెంటేషన్. ఉక్కు కర్మాగారాల నుంచి వచ్చే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాన్ని తిని ఇథనాల్ ఇచ్చే బాక్టీరియాను వాడే లాంజాటెక్ సంస్థ సాంకేతికతతో 2018లో చైనాలోని షౌగాంగ్ ఉక్కు కర్మాగారం దగ్గర వాణిజ్య ప్లాంటు మొదలైంది. అక్కడ చక్కెర అక్కర్లేదు, అంటే ఆ చక్కెర కోసం సాగుభూమీ అక్కర్లేదు.

ఇక ప్రచారంలో చెప్పని లెక్కలకు వద్దాం. సూక్ష్మజీవికి కరెంటు బిల్లు ఉండదు, దాన్ని పెంచే ట్యాంకుకు ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర గాలి నుంచి లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. చిక్కగా పెరిగిన కల్చర్, అంటే ట్యాంకులో పెరుగుతున్న సూక్ష్మజీవుల గుంపు, దాన్ని కొన్ని సెకన్లలో తినేస్తుంది. అందుకే ఆక్సిజన్ మీద బతికే కల్చర్ అయితే బ్యాచ్ నడిచినంతసేపూ కంప్రెసర్ గాలి కొడుతూనే ఉండాలి, లోపల ద్రవాన్ని కలియబెట్టే ఎజిటేటర్ తిరుగుతూనే ఉండాలి. ఆ పెరుగుదలలో పుట్టే వేడి ఇంకో సమస్య. ఫ్లాస్కులో అది గోడల నుంచి దానంతటదే పోతుంది. ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ ఘనపరిమాణం పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు కాబట్టి కూలింగ్ కాయిల్స్, చిల్లర్లు పెట్టక తప్పదు. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తుంటే మనం మిగిల్చామనుకున్న కార్బన్‌లో కొంత పొగగొట్టంలోంచి తిరిగి వస్తున్నట్టే.

కంటామినేషన్, అంటే అక్కర్లేని సూక్ష్మజీవులు ట్యాంకులో చొరబడటం, దాని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పర్యావరణ సమస్యగా ఎవరూ లెక్కేయరు. ఒక రాత్రి షిఫ్టులో కంప్యూటర్ తెర మీద డీఓ గీత, అంటే కరిగిన ఆక్సిజన్ చూపే గీత, ఉన్నట్టుండి నిలువునా పడిపోయింది. గాలి పెంచినా లేవలేదు. పీహెచ్ పట్టి ఉంచడానికి అమ్మోనియా పంపు ఆగకుండా కొడుతోంది. శాంపిల్ తీసి మైక్రోస్కోప్ కింద పెడితే మా ఈస్ట్ కణాల మధ్య ఈదుతున్న సన్నటి కడ్డీల్లాంటి బాక్టీరియా కనిపించింది. శాంపిల్ వాల్వులో సందు లేకుండా మూసి ఉంచే గాస్కెట్ అరిగిపోయి ఉందని తర్వాత తేలింది. ఆ ట్యాంకు మొత్తాన్ని ఆవిరితో చంపి వ్యర్థజలాలను శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటుకు పంపాం. అప్పటిదాకా వాడిన చక్కెర, ఆవిరి, కరెంటు, నీళ్లు అన్నీ వృథా. ఆ వ్యర్థాన్ని శుద్ధి చేయడానికి మళ్లీ కరెంటు. అంత చిన్న గాస్కెట్‌ను సమయానికి మార్చడం కూడా సస్టైనబిలిటీలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అన్నిటికన్నా పెద్ద లెక్క నీటిది. లీటరుకు 5 గ్రాముల ఉత్పత్తి ఇచ్చే ప్రక్రియలో ఒక కిలో కోసం 200 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, శుద్ధి చేయాలి. అదే లీటరుకు 100 గ్రాములైతే 10 లీటర్లు చాలు. మందులకు మొదటి లెక్క గిట్టుబాటవుతుంది, ప్లాస్టిక్ ముడిసరుకుకు అవ్వదు. నీటితోపాటు వ్యర్థాల లెక్కా ఉంటుంది. పీఎల్ఏ అనే బయోప్లాస్టిక్‌కు మూలమైన లాక్టిక్ ఆమ్లాన్నే చూడండి. పాత పద్ధతిలో ఆమ్లం ఎక్కువై బాక్టీరియా చావకుండా సున్నం కలుపుతారు, చివర్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి లాక్టిక్ ఆమ్లాన్ని విడదీస్తారు. సమీకరణం రాసి చూడండి, 180 గ్రాముల లాక్టిక్ ఆమ్లానికి 172 గ్రాముల జిప్సం వ్యర్థంగా వస్తుంది. టన్నుకు దాదాపు టన్ను! సున్నం అంతగా అక్కర్లేకుండా ఆమ్లాన్ని తట్టుకునే ఈస్ట్‌ల మీద అంత పరిశోధన జరగడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

కాబట్టి ఎవరైనా తమ ఉత్పత్తి ఫెర్మెంటేషన్‌తో చేశాం కాబట్టి పర్యావరణహితం అంటే, లీటరుకు ఎన్ని గ్రాములు వస్తోంది, చక్కెర ఎక్కడిది, కిలోకు ఎంత ఆవిరి, మిగిలిన బయోమాస్‌ను, అంటే పని అయిపోయిన సూక్ష్మజీవుల ముద్దను, ఏం చేస్తున్నారు అని అడగండి. నిజంగా చేస్తున్నవాళ్ల దగ్గర ఈ అంకెలు సిద్ధంగా ఉంటాయి.

మీ చదువు విషయానికొస్తే, తప్పకుండా రండి. కానీ జన్యువుల కోర్సులు మాత్రమే చూసుకోకండి. సూక్ష్మజీవిని మార్చగలిగేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ట్యాంకులోకి ఆక్సిజన్ ఎలా చేరుతుంది, వేడి ఎలా బయటికి పోతుంది, బ్రాత్ నుంచి, అంటే ట్యాంకులోని ద్రవం నుంచి, సరుకును తక్కువ శక్తితో ఎలా విడదీయాలి అనేవి తెలిసినవాళ్ల కోసం మా ప్లాంటులో ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాం. మాస్ ట్రాన్స్‌ఫర్, హీట్ ట్రాన్స్‌ఫర్ మీకు ఎలాగూ సిలబస్‌లో ఉంటాయి, వాటిని పరీక్ష కోసం చదివి వదిలేయకండి. ఇంటర్న్‌షిప్ దొరికితే సరుకును విడదీసి శుద్ధి చేసే డౌన్‌స్ట్రీమ్ విభాగం అడిగి తీసుకోండి.