హాట్ రాడ్ మోడల్ చేయబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

1932 ఫోర్డ్ కూపే (రెండు తలుపుల కారు) ప్లాస్టిక్ మోడల్ కిట్ చేతికొచ్చిందని, పెట్టె విప్పగానే బాడీకి నల్లరంగు కొట్టి దానిమీద మంటలు వెయ్యాలని ఉందని రాశావు. ఏ రంగు కొనాలో చెప్పమన్నావు. చెబుతాను. కానీ రంగు దాకా వెళ్ళేలోపు చెయ్యాల్సిన పని చాలా ఉంది, మోడల్ అందం ముప్పావు వంతు అక్కడే తేలిపోతుంది. క్యారేజ్ రిపేర్ షాపులో పెయింటింగ్ సెక్షన్‌లో ఉద్యోగమంతా చేసినవాణ్ణి కాబట్టి ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను. రైలు పెట్టెకైనా అరచేతిలో పట్టే కారుకైనా కింద పని సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి పెయింటు కొట్టినా నిలవదు.

ముందు ఈ హాట్ రాడ్‌లు, అంటే వేగం కోసం మార్చుకున్న పాత కార్లు, అలా ఎందుకు తయారయ్యాయో తెలుసుకో. 1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు జనం కొనగలిగే ధరకి వీ8 ఇంజన్ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు) కారు తెచ్చింది. 221 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 65 హార్స్‌పవర్. కొన్నేళ్ళకి ఆ కార్లు పాతబడి చవగ్గా దొరకడం మొదలైంది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు అలాంటి పాత కార్లు కొని, మొహావీ ఎడారిలో మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద ఎవరి కారు ఎంత వేగం పోతుందో తేల్చుకునేవాళ్ళు. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. చేతిలో డబ్బు తక్కువ, కావాల్సింది వేగం. ఫెండర్లు (చక్రాల మీది రేకులు) బరువని పీకేశారు. పైకప్పు గాలికి అడ్డమని కోసి కిందికి దించారు. ముందు యాక్సిల్ వంచి కారు ముక్కు కిందికి తెచ్చారు. వెనక పెద్ద టైర్లు వేస్తే ఇంజన్ అంతే తిరిగినా కారు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి అవి వేశారు. 1932 మోడల్ మీద అంత మోజు ఎందుకంటే, దాని ఛాసిస్ పక్క పట్టాలు బయటికి కనబడేలా, నొక్కు గీతతో అందంగా ఉంటాయి. ఫెండర్లు తీసేసినా కారు బోడిగా కనిపించదు.

అందుకని నీ మోడల్ మీద ఏది కొయ్యబోయినా, ఏది కొత్తగా అతికించబోయినా, ఆ కుర్రాడు తన షెడ్డులో ఈ పని ఎందుకు చేసి ఉండేవాడో ఒకసారి ఆలోచించు. కారణం దొరికితే చెయ్యి. దొరక్కపోతే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్. ఈ ఒక్క అలవాటు ఉంటే మిగతా పనితనం మెల్లగా అదే వస్తుంది.

నీ కిట్ స్కేలు 1/25 అని, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతని, పెట్టె మీద ఉంది కదా, అది మనకి చాలా సుఖం. అంగుళం 25.4 ఎంఎం. దాన్ని 25తో భాగిస్తే దాదాపు ఒక ఎంఎం. అసలు కారు మీద మూడంగుళాలు కోశారంటే నువ్వు మూడు ఎంఎం కొయ్యాలి, అంతే. లెక్కల టెన్షన్ లేదు. అయితే 1/24 కిట్ నుంచి ఛాసిస్ తెచ్చి 1/25 బాడీ కింద పెట్టకు. 1932 ఫోర్డ్ వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 106 అంగుళాలు. 1/25లో అది 107.7 ఎంఎం, 1/24లో 112.2. నాలుగున్నర ఎంఎం తేడాని ఏ పుట్టీ కప్పలేదు. టైర్లు, సీట్లు మాత్రం అటూఇటూ మార్చుకోవచ్చు, పర్వాలేదు.

జిగురు సీసా మూత తియ్యకముందే కారుని మాస్కింగ్ టేపుతో నిలబెట్టు. ఛాసిస్, బాడీ, నాలుగు చక్రాలు, గ్రిల్ చాలు. టేబుల్ అంచుకి కన్ను ఆనించి చూడు, నేల మీద నిలబడి అసలు కారుని చూస్తున్నట్టు. పైనుంచి చూస్తే అన్ని మోడళ్ళూ బాగానే ఉంటాయి, అక్కడ మోసపోతాం. ముందు భాగం కిందికి, వెనక భాగం కాస్త పైకి ఉండాలి. ముందు చక్రాలు సన్నం, వెనకవి లావు. ఫోన్‌తో అదే ఎత్తు నుంచి ఫోటో తీసి మర్నాడు మళ్ళీ చూసుకో. ముక్కు ఇంకా దించాలనిపిస్తే ముందు యాక్సిల్ దగ్గర ఒక్కో ఎంఎం చొప్పున దించు. అసలు కార్లలో నాలుగంగుళాల దాకా వంచిన యాక్సిల్స్ ఉండేవి, కాబట్టి నాలుగు ఎంఎం దాకా నీకు వెసులుబాటు ఉంది. చక్రాలు తిప్పినప్పుడు బాడీకి రాసుకోకుండా చూసుకో. నిలబడే తీరు కుదిరాకే మిగతావి.

ఇక పైకప్పు కొయ్యడం. నువ్వు అడగలేదు గానీ కూపే తీసుకున్నవాడు ఇది చెయ్యకుండా ఉండలేడు, కాబట్టి వివరంగా రాస్తున్నాను. బాడీని పక్కనుంచి ఫోటో తీసి ప్రింటు వేసుకో. కిటికీల మధ్యలో మూడు ఎంఎం పట్టీ కత్తిరించేసి పై భాగాన్ని కిందికి జరిపి చూడు. కాగితం మీదే నచ్చకపోతే ప్లాస్టిక్ మీదా నచ్చదు. నచ్చితే అప్పుడు బాడీని ఒక గాజు పలక మీద పెట్టు. పెన్సిల్‌ని సరైన ఎత్తులో చెక్కముక్కకి కట్టి, అది కదలకుండా ఉంచి, బాడీని దాని చుట్టూ తిప్పితే అన్ని కిటికీ స్తంభాల మీదా ఒకే ఎత్తులో గీత పడుతుంది. మూడు ఎంఎం పైన రెండో గీత. కిటికీల మూలలు గుండ్రంగా ఉంటాయి, ఆ గుండ్రాలు పైనా కిందా అలాగే మిగలాలి, మధ్యలో తిన్నగా ఉన్న చోటే కొయ్యాలి. రేజర్ సా (సన్న పళ్ళ చిన్న రంపం) వాడు, అదిమి పట్టకు, రంపం బరువే కోస్తుంది. గీతకి వెంట్రుకంత లోపలే కోసి మిగిలింది ఆకురాయితో సరిచెయ్యి.

కోశాక పైకప్పు దించి పెడితే ముందు స్తంభాలూ కలవవు, వెనకా కలవదు. కంగారుపడకు. కారు కిటికీ స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. మధ్యలో ముక్క తీసేస్తే పై భాగం కొంచెం చిన్నదైపోతుంది. పైకప్పుని అడ్డంగా రెండుగా కోసి, మధ్యలో ఆ తేడాకి సరిపడా స్టైరీన్ షీట్ పట్టీ అతికించు. అసలు షెడ్లలోనూ ఇదే చేసేవాళ్ళు, మధ్యలో రేకు వెల్డింగ్ పెట్టి. జిగురు పల్చటి లిక్విడ్ సిమెంట్ వాడు, కుంచెతో తాకిస్తే సందులోకి దానంతటదే పీల్చుకుంటుంది. లోపలివైపు సన్నటి పట్టీలు అడ్డం వేసి బలం చెయ్యి. ఒక రోజంతా ముట్టుకోకు.

సందులు నింపడానికి బజారు పుట్టీ కంటే మంచిది ఇంట్లోనే తయారవుతుంది. కిట్ ముక్కలు అంటుకొని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ఉంటుంది కదా, దాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి లిక్విడ్ సిమెంట్ సీసాలో నానబెట్టు. చిక్కగా కరిగిన ఆ ముద్ద బాడీతో ఒకటైపోతుంది, తరవాత పగలదు. కార్ల పెయింటర్లు వాడే ఎన్‌సీ పుట్టీ కూడా పనికొస్తుంది గానీ పల్చగా, పొర ఆరాక పొర వెయ్యాలి. మందంగా వేస్తే దాంట్లో థిన్నర్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, కొన్ని వారాలకి కుంగి గీత బయటపడుతుంది. వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 1000 దాకా నీళ్ళతో రుద్దు. కళ్ళు మూసుకొని వేలితో తడిమితే కంటికి దొరకని ఎత్తుపల్లాలు దొరుకుతాయి. కిట్‌లో వచ్చిన అద్దాలు ఇప్పుడు పట్టవు. షర్టుల పెట్టెల్లో వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కత్తిరించి పెట్టుకో.

ఇంజన్ దగ్గర నాకు ప్రేమ ఎక్కువ. బానెట్ లేని హాట్ రాడ్‌లో చూసేవాళ్ళ కన్ను ముందు పడేది అక్కడే. ఏ ఇంజన్ పెడుతున్నావో ముందు తేల్చుకో. పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ (పైన చెప్పిన ఫోర్డ్ వీ8) అయితే ఒక్కో పక్క ఎగ్జాస్ట్ దారులు మూడే ఉంటాయి, మధ్య రెండు సిలిండర్లకీ కలిపి ఒకటి. ప్లగ్గులు హెడ్ పైన నిలబడి ఉంటాయి. నాలుగేసి పైపులు అతికించావంటే తెలిసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. 1955లో వచ్చిన చెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 అయితే పక్కకి నాలుగు పైపులు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) వెనకవైపు. అది పెడితే నీ కారు 1955 తరవాత తయారైనట్టు లెక్క, టైర్లూ సీట్లూ ఆ కాలానికి తగ్గట్టే ఉండాలి.

ప్లగ్ వైర్లు తప్పకుండా వెయ్యి. అసలు వైరు మందం ఏడు ఎంఎం, స్కేలులో 0.28. మోటార్ వైండింగ్ షాపుకి వెళ్ళి 30 గేజ్ రాగి తీగ కాస్త అడుగు. బోరు మోటార్లు కాలిపోయే మన ఊళ్ళలో ఆ షాపులకి కరువు లేదు, రెండు మూర్లు ఊరికే ఇస్తారు. అది 0.3 ఎంఎం ఉంటుంది, నల్లరంగు పూస్తే సరిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ మూతకి చుట్టూ ఎనిమిది రంధ్రాలు, కాయిల్ వైరుకి మధ్యలో ఒకటి. సర్క్యూట్ బోర్డులకి వాడే సన్న డ్రిల్ బిట్లు, చేత్తో తిప్పే పిన్ వైస్ ఉంటే చాలు. వైర్లు ఎలాపడితే అలా కలపకు. చెవ్రొలేలో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2, డ్రైవరు పక్క (అమెరికా కారు కాబట్టి ఎడమ పక్క) బేసి నంబర్లు, అటుపక్క సరి నంబర్లు, రెండూ ముందునుంచే లెక్క. మూత చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కున ఆ వరసలో వెయ్యి. అలా వేస్తే వైర్లు ఒకదాన్నొకటి దాటుతూ అసలు ఇంజన్‌లో పడినట్టే పడతాయి, కావాలని పేర్చినట్టు ఉండదు. ఎగ్జాస్ట్ పైపులకి ఒకటిన్నర ఎంఎం సోల్డర్ తీగ వంచుకో, చేతికి తేలిగ్గా వంగుతుంది. అందులో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.

క్రోమ్ ముక్కల మీద అచ్చు గీతలు కనబడితే వాటిని బట్టల బ్లీచ్‌లో వేసి ఉంచు, క్రోమ్ ఊడిపోతుంది. గీతలు రుద్దేసి, మెరిసే నలుపు కొట్టి, అది బాగా ఆరాక దానిమీద క్రోమ్ పెయింటు వేసుకో.

ఇప్పుడు నువ్వడిగిన రంగు. ముందు బాడీని గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టు, ఫ్యాక్టరీ అచ్చుల జిడ్డు పోవాలి. ప్రైమర్ పల్చగా, మంచు చల్లినట్టు మొదటి పొర, ఆరాక ఇంకో రెండు. కార్ల షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ పెయింటు ఒట్టి ప్లాస్టిక్ మీద తడిగా పడితే సన్నటి పగుళ్ళు వస్తాయి, అందుకే ప్రైమర్ ముఖ్యం. మెరుపు రంగు కావాలనిపించినా కార్లకి వాడే మెటాలిక్ ఫ్లేక్ కొనకు. 0.2 ఎంఎం ఫ్లేకు 1/25 స్కేలులో ఐదు ఎంఎం అవుతుంది, అంటే అసలు కారు మీద ధనియాలు చల్లినంత. ముత్యపు మెరుపున్న మెత్తటి పొడి కలిపిన పెయింటు తీసుకో.

మన వాతావరణం చూసుకొని పని పెట్టుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు లాకర్ పెయింటు కొడితే గాలిలో తేమ పట్టి తెల్లగా పాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా తిరుపతి ఎండకి పెయింటు బాడీని చేరేలోపే గాల్లో ఆరిపోయి గరుగ్గా పడుతుంది. చిత్తూరులో కాస్త నయం గానీ మీకూ ఎండాకాలం తెల్లవారుజామే మంచిది. నేల మీద తడిగుడ్డ పెట్టి దుమ్ము అణచు, కొట్టగానే మోడల్ మీద అట్టపెట్టె బోర్లించు. మాస్కు పెట్టుకో, కిటికీలు తెరిచి ఉంచు. మా అక్కయ్య దేవుడి దగ్గర దీపం పెట్టే వేళకి ఆ గదికి దగ్గర్లో థిన్నర్ మూత తియ్యనే తియ్యకు.

మంటలు ముందు ట్రేసింగ్ కాగితం మీద గియ్యి. ఒక పక్కకి నచ్చాక కాగితం తిరగేస్తే రెండో పక్క వచ్చేస్తుంది. గాలికి వెనక్కి ఎగిసినట్టుండాలి, కాబట్టి గ్రిల్ దగ్గర లావుగా మొదలై తలుపు మీదికి వచ్చేసరికి సన్నటి నాలుకలవ్వాలి. నలుపు మీద పసుపు నిలవదు, మాస్కింగ్ టేపు మధ్య వదిలిన చోట తెలుపు పొర వేసి దానిమీద పసుపు, మధ్యలో నారింజ, కొసల్లో ఎరుపు. టేపుని పూర్తిగా ఆరకముందే, దానిమీదికే మడిచినట్టు మెల్లగా లాగు. అంచు చుట్టూ సన్నటి నీలం గీత కావాలంటే చేత్తోనే గియ్యాలి. శ్రీకాళహస్తి వైపు వెళ్ళినప్పుడు కలంకారీ వేసేవాళ్ళ దగ్గర అరగంట కూర్చో. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని నొక్కుతూ రంగు దించుకుంటూ, ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో గీత లాగుతారు. ఆ చెయ్యి కదిలే తీరు బాగా గమనించి, ఇంటికొచ్చాక పాత ప్లాస్టిక్ డబ్బా మూత మీద సాధన చెయ్యి.

రంగు కొట్టాక కనీసం వారం ఆగి, 2000 వాటర్ పేపర్‌తో నీళ్ళు పెట్టి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగుపెట్టు. బాడీ అంచుల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉంచు, పెయింటు పల్చగా ఉండేది అక్కడే, ముందు ఊడేదీ అక్కడే.

నా దగ్గర రేజర్ సా ఒకటి అదనంగా ఉంది, 0.4 బిట్లు కూడా. ఈ ఆదివారం మీ నాన్న తిరుపతి వస్తానన్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను. ఈలోపు టేపుతో నిలబెట్టి పక్కనుంచి ఫోటో తీసి పెట్టు, ముక్కు ఎంత దించాలో చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య,
కొర్లగుంట, తిరుపతి